కుట్టి గొంతు

పోయిన వారం గ్యాస్ బండ బుక్ చేద్దామని కూర్చున్నాను. యాప్ తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ మార్చమంది. మారిస్తే, ఇది పాతదే, కొత్తది పెట్టమంది. ఓటీపీ పంపానంది, అదేమో గడువు దాటాక వచ్చింది. విసుగొచ్చి పాత పద్ధతిలో ఫోన్ చేస్తే తెలుగు కోసం మూడు నొక్కమన్నారు. నొక్కాను.

"నమస్కారం. మీ వినియోగదారు సంఖ్యను నమోదు చేయండి" అంది ఒక ఆడగొంతు.

నేను నమోదు చెయ్యలేదు. వంటగట్టు పట్టుకుని నిలబడిపోయాను. "క్షమించండి, మీరు ఏ అంకెనూ నొక్కలేదు" అంది మళ్ళీ. 'మీరు' అన్నప్పుడు 'మీ' కొంచెం సాగింది. లోపలెక్కడో నవ్వు దాచుకున్నట్టుంది. ఆ సాగదీత నాకు బాగా తెలుసు. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఫోన్ పెట్టేసి మళ్ళీ చేశాను. మూడు నొక్కి మళ్ళీ విన్నాను. పొయ్యి మీద దొండకాయ వేపుడు మాడింది.

ఆవిడంటే నీకు ఇష్టమా అని ఎవరైనా అడిగితే కాదనే చెప్తాను. నాకు ఆవిడ మీద ఉన్నది అసూయ. మనిషి పోయినా అది పోలేదు.

ఆవిడ పేరు రాయను. ఆటలో ఆవిడ పెట్టుకున్న పేరు కుట్టి. అరవంలో చిన్నపిల్ల అని.

మాది తెనాలి వైపు. ఉద్యోగాల కోసం చెన్నై వచ్చి పోరూరులో కాపురం పెట్టాం. మా ఆయన సాఫ్ట్‌వేరు, ఇంట్లోంచే పని చేసేవాడు. నేను నుంగంబాక్కంలో ఒక బీమా కంపెనీలో క్లెయిములు చూస్తాను. సాయంత్రం బస్సు దిగి, చెమటలు కక్కుకుంటూ నేను ఇల్లు చేరేసరికి ఆయన సోఫాలో వెల్లకిలా పడుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్ అడ్డంగా పట్టుకుని కనిపించేవాడు. అదొక తుపాకుల ఆట. నలుగురు జట్టు కట్టి విమానంలోంచి ఒక దీవి మీదికి దూకుతారు. కనపడ్డవాళ్ళని కాల్చుకుంటూ చివరిదాకా మిగిలిన జట్టు గెలిచినట్టు. దెబ్బ తిని పడిపోయినవాణ్ణి జట్టులో ఇంకొకరు వచ్చి లేపొచ్చు. మగవాళ్ళ పిచ్చి అనుకుని ఊరుకున్నాను.

ఒకరోజు ఇయర్‌ఫోన్లలో చార్జి అయిపోయి, గొంతు ఒక్కసారి గదిలోకి వచ్చి పడింది.

"ఏందబ్బా, ఆడనే పడుకోనుంటే ఎట్టా? తలకాయ దించుకో. నేను వస్తా ఉండా. నిన్ను లేపకుండా యాడికి పోతాను?"

ఇరవై ఏళ్ళు కూడా ఉండవనిపించింది. మా ఆయన నవ్వాడు. ఊరికే కాదు, భుజాలు కదిలేలా నవ్వాడు. పెళ్ళయిన కొత్తలో నా మాటలకి అలా నవ్వేవాడు. ఆ నవ్వు తగ్గిపోయిందని కూడా నేను అప్పటిదాకా గమనించలేదు. వేరే చోట ఖర్చవుతోందని అప్పుడు తెలిసింది.

"ఎవరామె?" అన్నాను.

"జట్టులో ఒకామె. కుట్టి అంటాం."

"అంటే?"

"అంటే ఏముంది. బాగా ఆడుతుంది."

ఆ సమాధానం నాకు చాల్లేదు. ఆఫీసులో క్లెయిము కాగితాలు చూస్తుంటే ఆ గొంతుకొక మొహం తయారుచేసుకోవడం మొదలుపెట్టాను. సన్నటి ముక్కు, వదులుగా వేసుకున్న జడ, మెడ మీద పుట్టుమచ్చ. పుట్టుమచ్చ నేనే పెట్టాను. పెట్టాక దాన్ని చూసి నేనే ఉడుక్కున్నాను.

చివరికి నేను కూడా ఆడతానన్నాను. ఆయన అనుమానంగా చూశాడు. ఆట దింపుకుందామంటే ఫోన్లో చోటు లేదంది. మా అక్క కూతురి పెళ్ళి ఫోటోలు తీసేశాను. ఇంకా చాలదంది. ఆట లోపలికి వెళ్ళాక కొత్త వెర్షన్ వచ్చింది, మళ్ళీ దింపుకోమంది. మైకుకి అనుమతి, ఫోటోలకి అనుమతి, నేనెక్కడున్నానో చూడ్డానికి అనుమతి. అన్నీ ఇచ్చి, విమానంలోంచి దూకి, నేల మీద కాలు పెట్టి, ఏ బొటనవేలితో నడవాలో వెతుక్కుంటుండగానే నన్నెవడో కాల్చేశాడు.

"కొత్తగా వచ్చినామె ఎవరబ్బా?" అంది కుట్టి.

"మా ఆవిడ" అన్నాడు ఆయన.

"అట్టనా. ఏమ్మా, భయపడబాకండి. నా ఎనకమాల నిలబడండి, చాలు. నేను చూసుకుంటా."

ఆయన్ని 'నువ్వు' అంది. నన్ను 'మీరు' అంది. నేను పడిపోయిన ప్రతిసారీ పరుగెత్తుకుంటూ వచ్చి లేపింది. ఆవిడ కసురుకుని ఉంటే బాగుండేది. మంచిగా ఉండేసరికి అసూయకి పట్టు దొరక్క ఇంకా మండింది.

ఒకసారి ఎదుటి జట్టు కుర్రాడొకడు ఆడగొంతు విని బూతులు మొదలుపెట్టాడు. అలాంటివాళ్ళు రోజూ ఎవడో ఒకడు ఉంటాడట, నాకు కొత్త. మా ఆయన ఏదో అనబోయాడు. అంతలో కుట్టి గొంతు మాయమైంది. దాని బదులు ముదురు మగగొంతు, కిళ్ళీ నములుతున్నట్టు, తాపీగా వచ్చింది: "ఒరే నాయనా, నీ ఫోన్ నంబరు నా ముందర ఉండాది. నువ్వే వస్తావా, మా కానిస్టేబుల్ని పంపించమంటావా?" వాడు ఆటలోంచి ఠక్కున పారిపోయాడు. జట్టంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. వెంటనే ఎందుకు నవ్వానా అనుకున్నాను.

ఆవిడ డబ్బింగ్ కళాకారిణి అని ఆరోజే తెలిసింది. అరవం నుంచి తెలుగుకి వచ్చే సినిమాల్లో చిన్నపిల్లలకీ, కథానాయిక పక్కన ఉండే స్నేహితురాళ్ళకీ మాట్లాడేదట. తెర మీద ఆవిడ పేరు ఎప్పుడూ పడలేదు. సినిమా మనిషి అనేసరికి నా ఊహలో పుట్టుమచ్చ ఇంకా నల్లబడింది.

తర్వాత కొన్నాళ్ళకి ఆవిడ ఫోన్ ఏదో మొరాయించింది. ఆదివారం వెళ్ళి చూసొస్తానన్నాడు మా ఆయన. ఇల్లు కోడంబాక్కంలో, స్టేషన్‌కి దగ్గర.

"నేనూ వస్తాను" అన్నాను.

పెళ్ళిళ్ళకి కట్టే పట్టుచీర కట్టాను. మల్లెపూలు పెట్టాను. మెట్రో కోసం ఆర్కాట్ రోడ్డంతా తవ్వేసి ఉంది. బస్సులో దుమ్ము కొట్టుకుపోయి, ఇరుకు మెట్లెక్కి తలుపు కొట్టాం.

తీసిన మనిషికి అరవై దాటి ఉంటాయి. బొద్దుగా, నెరిసిన జుట్టు ముడివేసుకుని, నైటీ మీద తువ్వాలు కప్పుకుని ఉంది. కుట్టి వాళ్ళమ్మగారు కాబోలు అనుకుని నమస్కారం పెట్టబోయాను.

"రాండి, రాండి" అంది ఆ మనిషి, కుట్టి గొంతుతో.

మా ఆయన ఒక్క క్షణం తెల్లబోయాడు. వెంటనే నవ్వేశాడు. ఆవిడా నవ్వింది. నా ఒళ్ళు తేలికైపోయింది. ఇంతకాలం నేను కుళ్ళింది ఈ నెరిసిన జుట్టు పెద్దమ్మ మీదా అనుకున్నాను. ఆ తేలికదనం కాఫీ వచ్చేదాకా నిలవలేదు.

ముందు చీర. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "పట్టుచీర కట్టుకోని స్టూడియోకొస్తే మమ్మల్ని బయటికి పంపేసేవాళ్ళమ్మా. మైకులో గరగరంటది" అంది. తప్పు పట్టి అన్నది కాదు. కానీ అప్పట్నుంచీ కూర్చున్నా లేచినా నా చీర చప్పుడు నాకే వినపడింది.

ఆట ఆడేముందు ఆవిడ గాజులు తీసి అలమరలో పెట్టేది. నోట్లో ఒక లవంగం వేసుకునేది. మోకాళ్ళు ఎంత నొప్పి పుట్టినా నిలబడే ఆడేది, ఫోన్ని గోడకి కొట్టిన చెక్క మీద ఆనించి. "కూచుంటే గొంతు కూడా కూచుంటదబ్బా" అంటూ చేసి చూపించింది. గొంతు మారినప్పుడల్లా ఎడమచెయ్యి పొట్ట మీదికి వెళ్ళేది. చెయ్యి కిందుంటే కుర్రాడు, పైనుంటే పసిపిల్ల. పుట్టింది తొండియార్‌పేటలోనట. వాళ్ళ నాన్న మిరపకాయల మండీలో లెక్కలు రాసేవాడట. చెప్పుకున్నది అంతే. అడగాలనిపించినా నేను అడగలేదు. అడిగితే ఇష్టపడ్డట్టు అవుతుంది.

మా ఆయన ఫోన్ బాగుచేస్తుంటే ఆవిడ కాఫీ అందిస్తూ మామూలుగా అడిగింది. "ఆ మేనేజరు మళ్ళా ఏమన్నా అన్నాడా నాయనా? ఈ నెలాఖరికే తేల్చేస్తామన్నారు గదా?"

ఆయన తల ఎత్తలేదు. నేను ఆయన వైపు చూశాను. ఆవిడ మా ఇద్దరినీ చూసి గ్లాసు కింద పెట్టేసింది.

"ఐయో. ఈయమ్మకు తెలీదా?" అంది మెల్లగా. లోకల్ రైలు ఒకటి వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది.

తిరుగు బస్సులో అడిగాను. మూడు నెలల నుంచి ఆయన పేరు తీసేయబోయేవాళ్ళ జాబితాలో ఉందట.

"ఆవిడకి చెప్పగలిగింది నాకెందుకు చెప్పలేకపోయావు?"

"ఆవిడకి చెప్తే గొంతే కదా వినపడేది. నీకు చెప్తే నీ మొహం చూడాలి."

కిటికీ వైపు తిరిగాను. ఆవిడ పడుచుదై ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. పడుచుపిల్లయితే జుట్టు పట్టుకుని పోట్లాడొచ్చు, ఊళ్ళో నలుగురికీ చెప్పుకోవచ్చు. తువ్వాలు కప్పుకున్న పెద్దావిడ దగ్గర నా మొగుడు తన భయం దాచుకున్నాడని ఎవరితో చెప్పుకోను? ఆ రోజు నుంచి నేను ఆట మానేశాను. ఆయన మానలేదు. ఇయర్‌ఫోన్లు మాత్రం ఎప్పుడూ చార్జి చేసి పెట్టుకున్నాడు.

నెలాఖరుకి ఉద్యోగం పోయింది. హైదరాబాదులో ఇంటర్వ్యూలకని ఆయన వెళ్ళిన వారంలో నాకు ఫోన్ వచ్చింది. నా నంబరు ఆవిడ దగ్గర ఉందని కూడా నాకు తెలీదు.

"నేనమ్మా, కోడంబాక్కం. నువ్వు అర్జీలు చూసే ఆఫీసులో గదా ఉండేది? కొంచెం రాగలవా?"

మొదటిసారి 'నువ్వు' అంది. సెలవు పెట్టి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, మా ఆయన లేడు, నన్ను పిలిచింది. ఆ పిలుపులో ఆయనకి వాటా లేదు.

ఆవిడ ఖాతాని ఆటవాళ్ళు మూసేశారు. ఓడిపోయినవాళ్ళెవరో ఫిర్యాదు చేశారట: ఇది ఆడపిల్ల కాదు, గొంతు మార్చే దొంగ సాఫ్ట్‌వేరు వాడుతున్నారు అని. ఖాతా తెరిస్తే ఎర్ర అక్షరాలు కనపడుతున్నాయి. సహాయం అన్నచోట నొక్కితే ఒక యంత్రం పలికింది. మీ సహనానికి ధన్యవాదాలు అంది. ఏం రాసినా ధన్యవాదాలే. మనిషితో మాట్లాడాలి అని రాస్తే, మీరు మనిషేనని ముందు నిరూపించుకోండి అని బొమ్మలు పెట్టింది. సిగ్నల్ దీపాలున్న గళ్ళు ఎంచమంది.

"ఈ గడిలో దీపం లేదు, స్తంభమే ఉండాది. స్తంభం కూడా దీపం కిందికే వస్తదా?" అని అడిగింది ఆవిడ, పరీక్ష హాల్లో పిల్లలా.

నాకు తెలీదన్నాను. నిజంగానే ఎవరికీ తెలీదు. తప్పయింది. ఈసారి సైకిళ్ళు పెట్టింది. నేను రోబోను కాను అన్నచోట టిక్కు పెట్టేముందు ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంది.

ఆ గండాలన్నీ దాటాక గొంతు పరీక్ష వచ్చింది. తెర మీది వాక్యం చదవమంది. ఆవిడ గాజులు తీసింది, లవంగం వేసుకుంది, లేచి నిలబడి చదివింది. ఎంత బాగా చదివిందంటే చెరువు గట్టు మీద గాలి పోయినట్టు సాగింది మాట. కాసేపటికి జవాబు వచ్చింది. ఈ గొంతు యంత్రంతో తయారైనదని గుర్తించాం, మీ విన్నపం తిరస్కరించాం.

ఆవిడ నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది.

"కొన్నేళ్ళ కింద వడపళనిలో ఒక స్టూడియోకి పిలిచినారమ్మా. ఊళ్ళ పేర్లు, అంకెలు, అర్థం లేని మాటలు, అన్నీ చదివించినారు. ఎందుకో నాకు తెలీదు. సంతోషంగా చదివినా. ఇప్పుడు నేను నోరు తెరవ పన్లేదు, నా గొంతే అన్నీ చెప్తా ఉండాది. బ్యాంకులో అదే, ఆస్పత్రిలో అదే. అది నీళ్ళడగదు, దగ్గదు, లేటుగా రాదు. ఇంక నన్నెవరు పిలుస్తారు?" కళ్ళద్దాలు తీసేసింది. "దాన్ని వింటే నాకు కడుపుమంట. నిజం చెప్తుండా. నా గొంతు మీద నాకే కడుపుమంట."

ఆ మాట వినగానే నాకు ఆవిడ పక్కన కుర్చీ జరుపుకుని కూర్చోవాలనిపించింది. కడుపుమంట సంగతి నాకు చెప్పాలా.

ఇంకొక్క అవకాశం ఉందంది తెర. ఈసారి చదవక్కర్లేదు, మీ గురించి మీ మాటల్లో చెప్పండి అంది.

"నేను చెప్పలేనమ్మా. ఎవరైనా రాసిస్తేనే నాకు మాటొచ్చేది."

"నేను రాసిస్తాను. కానీ ఈ గొంతుతో చదివితే మళ్ళీ ఒప్పుకోదు. మీ మామూలు గొంతుతో చెప్పండి."

"ఇదే గదా మామూలుది."

"నిద్ర లేవగానే పాలవాడితో మాట్లాడే గొంతు."

ఆవిడ నన్ను గుచ్చి చూసింది. లవంగం తీసి కాగితంలో చుట్టింది. లేవలేదు, అలా కూర్చునే ఉంది. నేనేమీ రాసివ్వలేదు. ఆవిడ మాట్లాడింది.

ఆ గొంతు వేరు. వేరుశనక్కాయల పొట్టు నలిపినట్టు, బొంగురుగా, మధ్యలో గాలి ఎక్కువై మాట తక్కువైపోతూ ఉంది. "నాకు అరవయ్యారు. మోకాళ్ళు నొస్తాయి. పెండ్లి చేసుకోలా. సినిమాల్లో రొంబ మంది పిలకాయలకు మాట్లాడినా, నాకు పిలకాయల్లేరు. పొద్దుగూకితే ఆటకొస్తా. ఆడ నన్ను కుట్టీ అని పిలుస్తారు. ఆడ పడిపోయినోళ్ళను నేను లేపతా. అది తీసేస్తే నన్ను పిలిచేదానికి ఎవరూ లేరు. అంతే."

నేను ఆపు బొత్తాం నొక్కడం మరిచిపోయాను. ఆవిడే నొక్కింది.

మర్నాటికి ఖాతా తెరుచుకుంది. ఫోన్ చేసి చెప్పింది, మళ్ళీ ఆ ఇరవై ఏళ్ళ గొంతుతో. "సెరి, ఇది నీకూ నాకూ మధ్యనే. ఆ గొంతు ఎవరికీ చెప్పబాక. మీ ఆయనకు కూడా." అలాగే అన్నాను. నా జన్మలో అంత సంతోషంగా ఒప్పుకున్న మాట ఇంకోటి లేదు.

మా ఆయనకి మళ్ళీ చెన్నైలోనే ఉద్యోగం దొరికింది. ఈసారి ఆ వార్త ముందు నాకే చెప్పాడు. తర్వాత ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

ఆవిడ వానాకాలంలో పోయింది. రెండు సాయంత్రాలు కుట్టి ఆటలోకి రాలేదని జట్టు కంగారుపడింది. మా ఆయన ఫోన్ చేస్తే తొండియార్‌పేట నుంచి వచ్చిన తమ్ముడి కొడుకు ఎత్తాడు. నిద్రలోనే అయిపోయిందట. మేం వెళ్ళేసరికి మెట్ల దగ్గర ఒక మనిషి తడిసి నిలబడి ఉన్నాడు. ఎన్నూరు రేవులో క్రేను నడుపుతాడు. జట్టులో నాలుగోవాడు, మేమూ అప్పుడే చూడడం. మాతో పాటు పైకొచ్చాడు. చాప మీద పడుకోబెట్టిన ఆవిణ్ణి చూసి చేతులు జోడించి, గదంతా కలియచూశాడు.

"ఈయమ్మ కుట్టి వాళ్ళమ్మా?" అన్నాడు మెల్లగా. "కుట్టి యాడ సార్?"

మా ఆయన అతని భుజం మీద చెయ్యి వేసి చాప వైపు చూపించాడు. ఆ మనిషికి అర్థమవడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక గోడకి ఆనుకుని కూర్చుని, మొహం మోచేతుల్లో దాచుకుని ఏడ్చాడు. ఒక్కసారి కూడా మొహం చూడని మనిషి కోసం అంత ఏడుపు. నేను పోతే ఇలా ఎవరు ఏడుస్తారా అని ఆ చావింట్లో నిలబడి లెక్క వేసుకున్నాను. పక్కకి చూస్తే మా ఆయన కూడా ఏడుస్తున్నాడు. ఆ కన్నీళ్ళ మీద కూడా నాకు ఈర్ష్య పుట్టింది. ఉన్నమాట చెప్తున్నాను.

ఇంటికొచ్చాక ఆయన పాత ఆటలు తీసి విన్నాడు. ఫోన్లో దాచుకున్నవి ఉన్నాయి. ఆడనే పడుకోనుంటే ఎట్టా, లే, నేను వస్తా ఉండా. విని విని ఆపేశాడు.

"అన్నీ కుట్టి గొంతులే" అన్నాడు. "ఆవిడకి అసలు గొంతని ఒకటి ఉండే ఉంటుంది కదా. ఇంతకాలం మాట్లాడి అది నేను వినలేదు. ఖాతా మూసేసినప్పుడు నువ్వు రోజంతా అక్కడున్నావుగా. ఎప్పుడైనా విన్నావా?"

ఆయన మొహం చూశాను. చెప్పమని కళ్ళు అడుగుతున్నాయి. చెప్తే కొంచెం తేలికపడేవాడే.

"లేదు" అన్నాను.